పంచాంగం, పొగమంచు, ద్రాక్షతోట: మెండొసీనో తీరంలో నాన్నతో ఏడు రోజులు

భోజనాల బల్ల మీద నాన్న రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఒకటి ఊరి నుంచి తెచ్చుకున్న పంచాంగం. రెండోది నేను ప్రింట్ తీసిచ్చిన టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల వేళల పట్టిక. పెన్సిల్‌తో ఒక వరుస కింద గీత గీసి, "మంగళవారం వైశాఖ పౌర్ణమి. బుధ, గురువారాల్లో తెల్లవారుజామున సముద్రం బాగా వెనక్కి పోతుంది. నీ కాగితంలో కూడా అదే ఉందమ్మా" అన్నారు. చూస్తే నిజమే. బుధవారం ఉదయం ఆరు దాటాక నీటిమట్టం సున్నా కంటే అడుగు పైచిలుకు కిందికి దిగుతుందని ఉంది. మా వారం రోజుల ప్రయాణం ఆ పెన్సిల్ గీత చుట్టూ అల్లుకున్నదే.

మేముండేది శాన్ ఫ్రాన్సిస్కోకి దక్షిణాన. రెండేళ్ల క్రితం నేనూ మా ఆయనా ఇదే ఉత్తర కాలిఫోర్నియా తీరానికి మూడు రోజులు వెళ్లి తొమ్మిది చోట్లు చూశాం. ఫొటోలు తీసి చూసుకుంటే తప్ప ఏది ఎక్కడిదో గుర్తు రాదు. ఈసారి నాన్న వచ్చారు. అమ్మ మా చెల్లెలి బాలింత పనులకని డల్లాస్‌లో ఉండిపోయింది. నాన్న వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయిన మనిషి, ఒక చోట నిలబడితే అక్కడి మట్టి, నీరు, గాలి అర్థమయ్యేదాకా కదలరు. ఆయనతో తొమ్మిది చోట్లు అనే లెక్క కుదరదు. అందుకే రెండే మకాములు పెట్టుకున్నాం: బొడేగా బేలో రెండు రాత్రులు, మెండొసీనోలో వంటగది ఉన్న చిన్న కాటేజీలో నాలుగు రాత్రులు.

ముందే ఖాయం చేసుకున్నవి మూడు. బుధవారం తెల్లవారుజామున రాళ్ల మడుగులు, గురువారం ద్రాక్షతోటలు, శుక్రవారం తిమింగలాలు చూసే పడవ. మిగతా టైమంతా ఖాళీగా వదిలేశాం. ఆదివారం బయల్దేరి శనివారం తిరిగొచ్చేలా పెట్టుకుంటే గదులు తేలిగ్గా దొరుకుతాయి. కానీ ఆ చిన్న ఊళ్లలో వారం మధ్యలో చాలా హోటళ్లు మూసేస్తారు, తెరిచినవి కూడా రాత్రి ఎనిమిదికల్లా కట్టేస్తారు. వంటగది కావాలని నేను పట్టుబట్టింది అందుకే. సామానులో స్వెటర్లు, గాలి ఆపే జాకెట్లు, తడిసినా జారని బూట్లు, ఫోన్‌లో ముందే దించుకున్న మ్యాపులు. ఒక డబ్బాలో చింతపండు, కారం, ధనియాల పొడి, మెంతులు. అల్లం మురబ్బా విడిగా, కారు ముందు సీటులో.

మొదటి రోజు, ఆదివారం: తొమాలెస్ బే

గోల్డెన్ గేట్ దాటి పాయింట్ రేయెస్ వైపు తిరిగేసరికి కొండలు పచ్చగా, అక్కడక్కడా నారింజ రంగు పాపీలు. బేర్ వ్యాలీలోని సందర్శకుల కేంద్రం దగ్గర అరమైలు పైన నడిచే చిన్న బాట ఒకటుంది. 1906 భూకంపంలో శాన్ ఆండ్రియాస్ అనే భూమి పగులు కదిలినప్పుడు ఒక పొలం కంచె తెగి, రెండు ముక్కల మధ్య 15 అడుగులకు పైగా ఎడం వచ్చింది. అది ఎలా ఉండేదో అర్థమయ్యేలా ఇప్పుడు అక్కడ కంచె కట్టి చూపిస్తారు. నాన్న ఒక ముక్క చివర నిలబడి రెండో ముక్క దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు.

తొమాలెస్ బే ఆ పగులు మీదే ఉంది. సుమారు పదిహేను మైళ్ల పొడవు, మైలు వెడల్పు, కర్ర పెట్టి గీసినంత తిన్నగా ఉంటుంది. దాని ఒడ్డునే హైవే 1 పోతుంది, ఒడ్డు పొడుగునా ఆల్చిప్పల సాగు. వల సంచుల్లో పిల్లచిప్పలు పోసి, పోటు వస్తే మునిగేలా, పాటు వస్తే తేలేలా కడతారు. వాన గట్టిగా పడితే కొండల మీది మురికి బేలోకి దిగుతుంది, నీళ్లు తేటపడేదాకా కోత ఆపేస్తారు. రాళ్లకు అంటుకున్న చిప్పలు మనమే ఏరుకు తినొచ్చా అని నాన్న అడిగారు. మే 1 నుంచి అక్టోబర్ 31 దాకా ఈ రాష్ట్రంలో తీరంలో దొరికే మసెల్స్ అనే చిప్పలు ఏరుకు తినకూడదని ప్రతి ఏడూ నిషేధం పెడతారు, సముద్రంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవుల విషం వాటిలో చేరుతుంది కాబట్టి. సాగు చేసినవాటిని పరీక్షించి అమ్ముతారు.

డజను కొని, బయట బల్ల దగ్గర మేమే విప్పుకున్నాం. మందపాటి గుడ్డ మడిచి చిప్పను అదిమి పట్టుకుని, కీలు దగ్గర మొద్దుకత్తి మొన గుచ్చి, తాళం తిప్పినట్టు మణికట్టు తిప్పాలి. "టక్" మని ఒక చిన్న చప్పుడు. పై చిప్ప లేవగానే లోపల బూడిదరంగు మాంసం, దాని చుట్టూ చెంచాడు ఉప్పునీరు. ఆ నీరు ఒలకకూడదు, రుచంతా అందులోనే. నేను నిమ్మకాయ పిండుకుని పచ్చిగా తిన్నాను. నాన్న పచ్చిది వద్దన్నారు. నిప్పుల మీద వెల్లుల్లి, వెన్న, కారం వేసి కాల్చినవి మాత్రం ఆరు తిన్నారు, ఏడోది మా ఆయన కోసం ఆపారు.

రెండో రోజు, సోమవారం: బొడేగా హెడ్, రష్యన్ల కోట

పొద్దున్నే బొడేగా హెడ్ కొండకొమ్ము మీదికి వెళ్లాం. మే నెలలో గ్రే తిమింగలాలు పిల్లలతో మెక్సికో మడుగుల నుంచి ఆర్కిటిక్ వైపు పోతాయి. తల్లులు వెనకబడి, కిల్లర్ వేల్స్‌కి దొరక్కుండా ఒడ్డుకి దగ్గరగా ఈదుతాయి. గంటన్నర కూర్చున్నాం, ఒక్కటీ కనిపించలేదు. వాయవ్యపు గాలి చెవులు కోసేస్తోంది. నీళ్లంతా తెల్లటి నురుగు తలలు.

ఆ గాలి గురించి చెప్పకుండా ఈ తీరం గురించి చెప్పడం కుదరదు. వసంతం నుంచి వేసవి దాకా అది పైనీటిని తీరం నుంచి దూరంగా నెట్టేస్తుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లటి నీరు పైకొస్తుంది, దాంతోపాటు అడుగున పేరుకున్న పోషకాలూ వస్తాయి. చేపలు, పీతలు, పక్షులు, తిమింగలాలు అన్నీ ఆ ఎరువు మీదే బతుకుతాయి. అదే చల్లటి నీటి మీదుగా తేమగాలి పోతే పొగమంచవుతుంది. లోపలి లోయలు ఎండకి వేడెక్కి గాలి పైకి లేచినప్పుడు ఆ మంచుని నదుల దారుల్లోంచి లోపలికి లాక్కుంటాయి. రెడ్‌వుడ్ చెట్లు తాగేది ఆ మంచుని, ద్రాక్షని చల్లబరిచేదీ అదే. "మన దగ్గర మంచు తెల్లారితే పోతుంది, ఇక్కడ మధ్యాహ్నానికి వస్తుందన్నమాట" అన్నారు నాన్న. వారమంతా ఆయన పొద్దున లేవగానే ముందు చూసింది మంచు ఎంత దూరంలో ఉందనే.

కొమ్ము మీద ఒక చిన్న చెరువుంది, ఒడ్డున రెల్లు, నీళ్లలో బాతులు. 1960ల మొదట్లో అక్కడ అణు విద్యుత్ కేంద్రం కట్టబోయారు. దాని పునాది కోసం తవ్విన గొయ్యే ఆ చెరువు. పక్కనే భూకంపాల పగులు ఉందని స్థానికులు, శాస్త్రవేత్తలు పోరాడితే 1964లో ఆ పని ఆపేశారు. నాకు ఈ తీరంలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే. చూడ్డానికి ఏమీ ఉండదు, వట్టి చెరువు.

మధ్యాహ్నం రష్యన్ నది సముద్రంలో కలిసే గోట్ రాక్ దగ్గర ఇసుకతిన్నె మీద సీల్స్, కొన్నిటి పక్కన పిల్లలు. వాటికి కనీసం 50 గజాల దూరం పాటించాలి. ఒంటరి పిల్ల కనిపించినా ముట్టుకోకూడదు, తల్లి వేటకి వెళ్లి ఉంటుంది. ఈ బీచ్‌లలో ఈతకి దిగే ఆలోచనే పెట్టుకోవద్దు. నీళ్లు పది పన్నెండు డిగ్రీల సెల్సియస్, పైగా ఉన్నట్టుండి మామూలు అలలకి రెండింతలు పెద్ద అల వచ్చి లాక్కుపోతుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగొద్దని ప్రతి చోటా బోర్డులుంటాయి, ఆ మాట వినండి.

అక్కణ్నుంచి ఫోర్ట్ రాస్. 1812లో రష్యన్లు కట్టిన కొయ్యకోట. అలాస్కా నుంచి తెచ్చిన వేటగాళ్లతో సముద్రపు ఆటర్లను (నీటికుక్కలను) బొచ్చు కోసం వేటాడించారు. ఆటర్లు అయిపోయాయి, అలాస్కాకి తిండిగింజలు పండిద్దామంటే ఈ మంచులో గోధుమ సరిగా రాలేదు. 1841లో అమ్ముకుని పోయారు. వాళ్ల కంటే ముందు నుంచీ ఉన్నవాళ్లు కాషాయా పోమో ప్రజలు, ఆ చోటుని మెటీని అంటారు. ఆ కోట వెనక కొండల మీద, మంచు అందనంత ఎత్తులో ఇప్పుడు ద్రాక్షతోటలున్నాయి. కింద గోధుమ పండని చోటే పైన పినో నువార్ అనే ద్రాక్ష పండుతోంది, కొన్ని వందల అడుగుల తేడాతో.

మూడో రోజు, మంగళవారం: హైవే 1

బొడేగా బే నుంచి మెండొసీనోకి సుమారు వంద మైళ్లే. ఆ దారికి రోజంతా కేటాయించాం. చాలా చోట్ల కొండ అంచునే రోడ్డు, పక్కన కమ్మీలుండవు, మలుపు తిరిగితే రోడ్డు మీద ఆవులుంటాయి. వెనక ఐదు లేదా అంతకంటే ఎక్కువ బళ్లు జమైతే పక్కకి ఆగి దారివ్వాలని కాలిఫోర్నియా చట్టమే ఉంది. మా ఆయన ఇరవై సార్లయినా ఆగి ఉంటారు. మలుపులకి కడుపు తిప్పకుండా అల్లం మురబ్బా నాన్నకి, నాకు సరిపోయింది. పెట్రోలు ట్యాంకు నింపుకునే బయల్దేరండి, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. అమ్మకి ఆ రోజు ఫోన్ చెయ్యలేకపోయాం.

పాయింట్ అరీనా దీపస్తంభం ఎక్కాం. 1870లో కట్టినది 1906 భూకంపంలో దెబ్బతింటే, 1908లో ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటుతో 115 అడుగులది కట్టారు. ఫ్యాక్టరీ పొగగొట్టాలు కట్టే కంపెనీకి ఆ పని ఇచ్చారట, చూస్తే పొగగొట్టంలానే ఉంటుంది. 145 మెట్లు. నాన్న మధ్యలో మూడు చోట్ల ఆగారు, పైకొచ్చారు.

సాయంత్రం మెండొసీనో చేరాం. 1850లలో కలప మిల్లుతో పుట్టిన ఊరు. కొయ్య ఇళ్లు, ఇళ్ల పక్కన కొయ్య నీళ్ల ట్యాంకులు, మూడు వైపులా కొండ అంచు, కింద సముద్రం. రాత్రి భోజనం మిగిలిన రొట్టె, పాయింట్ రేయెస్ దగ్గర కొన్న బ్లూ చీజ్, పెరుగన్నం. కిటికీలోంచి వైశాఖ పౌర్ణమి చంద్రుడు.

నాలుగో రోజు, బుధవారం: నీళ్లు పోయిన చోట

ఐదింటికి లేచాం. ఫోర్ట్ బ్రాగ్ ఊరికి ఉత్తరాన మెకెరికర్ పార్కులో లగూనా పాయింట్‌కి ఆరింటికి చేరేసరికి, ముందురోజు మ్యాపులో నీలంగా కనిపించిన చోటంతా నల్లటి రాతిబల్లలు బయటపడి ఉన్నాయి. మేం ముగ్గురం, ఇద్దరు పిల్లలతో ఒక తల్లి, అంతే. నీరు దిగే గంట ముందు వెళ్లి, పోటు తిరగగానే వెనక్కి వచ్చేయాలి. రాళ్ల మీద నాచు జారుతుంది, రాయి మీద కాలు వేసే ముందు అక్కడ ఏం బతుకుతోందో చూసుకోవాలి.

ఒక మడుగు దగ్గర నాన్న మోకాళ్ల మీద కూర్చుండిపోయారు. పళ్లెం అంత మడుగు, రెండు చేతుల లోతు. అడుగున పచ్చటి ఎనిమోన్లు, రాయికి అంటుకుని బతికే మెత్తటి జంతువులు, చేమంతి పువ్వుల్లా విచ్చుకుని. వేలు తడిచేసుకుని ఒక రేకు కొసని తాకమన్నాను. తాకారు. రేకు వేలికి జిగురుగా అంటుకుని, మెల్లగా ముడుచుకుంది. ఆ జిగురు నిజానికి వేల సన్నటి ముళ్లు, మన చర్మం మందం కాబట్టి నొప్పి తెలియదు. ఆ పచ్చదనంలో కొంత దాని లోపల కాపురముండే నాచుది, నాచు ఎండతో వండుకున్నదాంట్లో ఎనిమోన్‌కి వాటా ఇస్తుంది. "చిక్కుడు వేళ్లలో బ్యాక్టీరియా లాగ" అన్నారు నాన్న వేలు తుడుచుకోకుండానే. పక్క రాయికి నారింజరంగు నక్షత్ర చేప ఒకటి, అరచెయ్యంత, ఐదు చేతులూ చాపి అంటుకుని ఉంది.

ఆ నక్షత్ర చేపల కథ ఈ తీరం మొత్తం కథ. 2013 నుంచి ఒక జబ్బు వచ్చి పసిఫిక్ తీరమంతా నక్షత్ర చేపలు కరిగిపోయినట్టు చచ్చిపోయాయి. ఇరవై నాలుగు చేతుల దాకా ఉండే పెద్ద సన్‌ఫ్లవర్ నక్షత్ర చేప ఇక్కడ దాదాపు కనుమరుగైంది. అది తినేది ఊదారంగు సీ అర్చిన్లని, ముళ్లబంతుల్లా ఉండే జీవుల్ని. తినేవాళ్లు లేక అవి విపరీతంగా పెరిగాయి. అదే కాలంలో సముద్రం వేడెక్కింది. రెండూ కలిసి ఉత్తర కాలిఫోర్నియా తీరంలోని కెల్ప్ అనే పెద్ద నాచు అడవిలో 90 శాతానికి పైగా పోయింది. ఆ నాచు తిని బతికే ఎర్ర అబలోని నత్తలు ఆకలితో చచ్చాయి. తరతరాలుగా జనం మునిగి ఏరుకునే అబలోని వేటని 2018లో ఆపేశారు. అర్చిన్లని తినే ఇంకో జంతువు సముద్రపు ఆటర్ ఇక్కడ ఎప్పుడో లేకుండా పోయింది, దాని బొచ్చు రెండు వందల ఏళ్ల కింద ఫోర్ట్ రాస్ నుంచే ఎగుమతైంది. సోమవారం చూసిన కోటకీ బుధవారం చూసిన మడుగుకీ ఉన్న ఈ లంకె చెప్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ మడుగు అంచునే అర్చిన్లు, ఒకదానిని ఒకటి ఆనుకుని, రాయి కనిపించనంతగా.

వచ్చేదారిలో గ్లాస్ బీచ్. 1967 దాకా ఊరి చెత్త పోసిన చోటు, పగిలిన సీసాలని సముద్రం అరగదీసి గులకరాళ్లు చేసింది. ఏరుకోవడం నిషేధం, మిగిలింది కూడా తక్కువే. పది నిమిషాలు చాలు.

నోయో రేవులో చేపల దుకాణం. పీతల కాలం అయిపోవచ్చింది, రాక్‌ఫిష్ ఉందన్నారు. గట్టి తెల్ల కండ, పులుసులో విడిపోదు. నాన్న ముందుకొచ్చి తల కూడా కావాలని అడిగారు. కౌంటర్ దగ్గరున్నామె ఒకసారి ఆయన్ని చూసి, లోపలికెళ్లి, ఇంకో రెండు తలలు కూడా కాగితంలో చుట్టి తెచ్చింది, డబ్బులు తీసుకోలేదు. సాయంత్రం కాటేజీలో వైఫై ఉంది కాబట్టి అమ్మని వీడియోలో పెట్టుకుని వండాం. "మెంతులు మాడనివ్వకు. చింతపండు రసం మరిగాకే ముక్కలు వెయ్యి. ఇక గరిటె పెట్టకు, గిన్నె పట్టుకుని తిప్పు" అంటూ అమ్మ అక్కణ్నుంచే నడిపించింది.

ఐదో రోజు, గురువారం: ఆండర్సన్ వ్యాలీ

నవారో నది వెంట హైవే 128 మీద లోపలికి మళ్లితే రెడ్‌వుడ్ చెట్లు రోడ్డు మీద గుమ్మటంలా కమ్ముకుంటాయి. అవి దాటగానే వెలుతురు, లోయ, ద్రాక్షవరుసలు. సుమారు పదిహేను మైళ్ల సన్నటి లోయ. సముద్రం వైపు ఫైలో, నవారో చుట్టూ చల్లగా ఉంటుంది, లోపల బూన్‌విల్ వైపు వేడి. పగటికీ రాత్రికీ నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా వచ్చే రోజులుంటాయి. పగటి ఎండ తీపినిస్తుంది, రాత్రి మంచు పులుపుని కాపాడుతుంది. పినో నువార్, గెవుర్జ్‌ట్రామినర్ ద్రాక్షలు, బుడగలొచ్చే వైన్ ఇక్కడ బాగా కుదరడానికి కారణం అదే. 1983లో ఈ లోయ పేరుకి ద్రాక్షప్రాంతంగా అధికారిక గుర్తింపు వచ్చింది. పక్కన కొండల మీద మెండొసీనో రిడ్జ్ అని ఇంకోటుంది, 1,200 అడుగులు, అంతకంటే ఎత్తున ఉన్న నేలకే ఆ పేరు చెల్లుతుంది. మంచు పరుచుకున్న పొద్దున ఆ తోటలు దీవుల్లా తేలతాయి.

రోజుకి రెండు తోటలు, మధ్యలో కడుపునిండా భోజనం. ఇది మా నియమం. మూడో తోటకి వెళ్తే నాలుకకి తేడా తెలియదు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. డ్రైవింగ్ మా ఆయనది, ఆయన ముట్టరు. నచ్చనిది, ఎక్కువైంది పారబోయడానికి బల్ల మీద గిన్నె ఉంటుంది, దాన్ని వాడుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

మా ఇంట్లో పెద్దవాళ్ల ముందు మద్యం గ్లాసు పట్టుకోవడం అనేది లేదు. పొద్దున్నుంచీ నాకు లోపల కొంచెం టెన్షన్‌గానే ఉంది. నాన్న ముందు తోట చూడాలన్నారు. ఒక మొదలు దగ్గర వంగి, నేలకి జానెడు ఎత్తున కాండం ఉబ్బిన చోట వేలుపెట్టి, "అంటు ఇక్కడ కట్టారు" అన్నారు. వేళ్లు అమెరికన్ తీగవి, పైది యూరప్ తీగ. వేళ్లని పీల్చి చంపే ఫిలాక్సెరా పురుగుని యూరప్ తీగ తట్టుకోలేదు. 1980లలో నాపా, సొనోమాల్లో ఏఎక్స్ఆర్1 అనే వేరుమొక్క ఆ పురుగుకి లొంగిపోయి వేల ఎకరాలు పీకి మళ్లీ నాటాల్సి వచ్చిందని తోట చూపించినతను చెప్పాడు. వసంతంలో రాత్రి గడ్డకట్టే చలికి చిగుళ్లు మాడకుండా తుంపర నీళ్లు కొడతారట. నీరు చిగురు మీద గడ్డకడుతూ వదిలే వేడే చిగురుని కాస్తుంది. ఈ ముక్క నాన్న అతని కంటే ముందే చెప్పేశారు. అతను చెయ్యి చాపి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

లోపలికి వచ్చాక ఆయన ముందు కూడా గ్లాసు పెట్టారు. నేను తీసెయ్యమనబోతుంటే, "పంట ఇంతసేపు చూసి, రుచి చూడకపోతే రైతుకి ఏం మర్యాదమ్మా" అన్నారు. గెవుర్జ్‌ట్రామినర్. ముక్కు దగ్గర పెట్టుకుని ఆగారు. "గులాబీ. లిచీ పండు." ఒక గుక్క తాగి, "వాసనంత తియ్యగా లేదే" అన్నారు. నిజమే, ఇక్కడ చాలామంది దీన్ని తీపి లేకుండానే చేస్తారు. కారం, పులుపు ఉన్న మన వంటకి నేను తాగిన వైన్లలో ఇంత బాగా నప్పేది ఇంకోటి లేదు. తరవాత పినో నువార్, పల్చటి ఎరుపు, చెర్రీ వాసన, తడిసిన ఆకుల వాసన. నాన్న దాన్ని ఒక గుక్కతో ఆపి, మా ఆయన తాగుతున్నదాన్ని అందుకున్నారు. అవే ద్రాక్షలతో చేసిన మద్యం లేని రసం అది. తాగనివాళ్లకి ఈ లోయలో అది దొరుకుతుంది, రెండు సీసాలు కొన్నాం.

బూన్‌విల్‌లో మధ్యాహ్న భోజనం, మేకపాల చీజ్, ఆకుకూరలు, రొట్టె. 19వ శతాబ్దం చివర్లో ఈ ఊరివాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి బూంట్‌లింగ్ అనే సొంత మాటల మూట తయారు చేసుకున్నారు. మంచి తిండిని "బాల్ గార్మ్స్" అనేవారు, కప్పు కాఫీని "హార్న్ ఆఫ్ జీస్" అనేవారు.

సాయంత్రం హెండీ వుడ్స్‌లో నడిచాం. 80 ఎకరాల పాత రెడ్‌వుడ్ వనం, ఎప్పుడూ గొడ్డలి పడనిది. ఈ చెట్లకి ఏడాదిలో అందే నీటిలో దాదాపు మూడో వంతు మంచు నుంచే వస్తుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆకులు మంచుని పట్టి, బొట్లుగా చేసి, తమ వేళ్లకే వదులుతాయి. లోపల మన అడుగుల చప్పుడు కూడా వినపడదు.

రాత్రి మిగిలిన పులుసు, అన్నం, గెవుర్జ్‌ట్రామినర్. రెండో రోజు పులుసు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఆరో రోజు, శుక్రవారం: మూడు లక్షల ఏళ్ల మెట్లు

పొద్దున ఏడింటికి పడవవాళ్ల ఫోన్, గాలి ఎక్కువగా ఉంది, ఇవాళ కుదరదని. డబ్బు వెనక్కి వేశారు. నాన్న మొహం చిన్నబోయింది. ఈ తీరంలో పడవ అనుకున్నప్పుడు ఇంకో రోజు చేతిలో ఉంచుకోవాలి, మేం ఆఖరి రోజుకి పెట్టుకోవడం తప్పు.

ఖాళీ అయిన రోజున జగ్ హ్యాండిల్‌కి వెళ్లాం. వారం మొత్తంలో నాన్నకి బాగా నచ్చిన రోజు అదే అయింది. అలలు కోసి చదును చేసిన సముద్రపు అడుగుని భూమి మెల్లగా పైకి ఎత్తుతూ వచ్చింది. అలా ఐదు మెట్లు. ఒక్కో మెట్టు కింది మెట్టు కంటే సుమారు వంద అడుగుల ఎత్తు, లక్ష ఏళ్లు పాతది. వాటిలో మొదటి మూడు ఎక్కే బాట, రానూపోనూ ఐదు మైళ్లు. మొదటి మెట్టు గడ్డి, పువ్వులు. రెండోదాని మీద పైన్లు, రెడ్‌వుడ్లు ఆకాశాన్నంటుతూ. మూడోదానికి వచ్చేసరికి చెట్లు నా భుజం దాటవు. కొన్ని మోకాలి ఎత్తే. వయసు చూస్తే వందేళ్లు.

నాన్న బాట అంచున వంగి మట్టి మీద వేలు రాసి చూపించారు. బూడిద తెలుపు. లక్షల ఏళ్ల వానకి సారమంతా కిందికి కొట్టుకుపోయి, ఇనుముతో కలిసి రాయిలాంటి పొర కట్టింది. వేళ్లు దాన్ని చీల్చలేవు, చలికాలంలో నీళ్లు దాని మీద నిలుస్తాయి, మట్టి విపరీతమైన పులుపు. "ఇలాంటి నేల గురించి కాలేజీలో చదివాను. పాడ్జాల్. యాభై ఏళ్లకి ముట్టుకున్నా" అన్నారు. ఆ పొట్టి సైప్రస్ చెట్టు కొమ్మ చివర శనగగింజంత కాయలున్నాయి. బాట పక్కన రోడోడెండ్రాన్లు గులాబీరంగులో విరగబూశాయి. నాన్న ఆ మట్టి వేలితోనే ఫొటో దిగారు.

సాయంత్రం గాలి ఉన్నట్టుండి పడిపోయింది. పాయింట్ కాబ్రియో దీపస్తంభం దాకా నడిచాం, 1909 నుంచి ఉన్నది. కొండ అంచున బెంచీ మీద కూర్చుని ద్రాక్షరసం తాగుతున్నాం. ఒడ్డుకి రెండు వందల గజాల దూరంలో నీళ్ల మీద మనిషెత్తు ఆవిరి లేచింది. వెనకే ఇంకోటి, దాంట్లో సగం. మచ్చల బూడిదరంగు వీపు ఒకటి మెల్లగా తిరిగి మునిగింది, పక్కనే చిన్నది. మళ్లీ లేచేదాకా లెక్కపెట్టుకున్నాం. నాలుగు నిమిషాలు. 2016లో ఈ తిమింగలాలు దాదాపు 27,000 ఉండేవి, 2025 లెక్కకి 13,000కి పడిపోయాయి, ఆర్కిటిక్‌లో తిండి తగ్గడమే పెద్ద కారణమంటారు. ఆ పిల్ల ముందు ఇంకా వేల మైళ్ల దారుంది. ఉత్తరాన కొండకొమ్ము దాటేదాకా ముగ్గురం నిలబడే ఉన్నాం.

ఏడో రోజు, శనివారం: తిరుగుదారి

పొద్దున మెండొసీనో మంచులో మునిగి ఉంది, ఎదురింటి నీళ్ల ట్యాంకు కూడా కనపడలేదు. స్వెటర్లతోనే బయల్దేరాం. మళ్లీ 128 మీదుగా, గురువారం చూసిన తోటలు దాటుకుంటూ. బూన్‌విల్ దగ్గర మంచు విడిపోయింది. క్లోవర్‌డేల్‌లో హైవే 101 ఎక్కేసరికి కారు మీటరు 86 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది, కాటేజీ దగ్గర 51 ఉండేది. నాన్న స్వెటర్ విప్పి ఒళ్లో మడత పెట్టుకున్నారు.

ఫోన్‌కి సిగ్నల్ రాగానే అమ్మవి నాలుగు మిస్డ్ కాల్స్. నాన్న తిరిగి చేశారు. స్పీకర్‌లో పెట్టకపోయినా అమ్మ మాట మాకు వినిపిస్తూనే ఉంది. ఎలా ఉంది, ఏమేం చూశారు, మందులు వేసుకున్నారా అని వరుసగా అడిగింది.

"చేప తలలు ఊరికే ఇచ్చింది కదా, ఆవిడ" అన్నారు నాన్న. "నవంబర్‌లో పుట్టగొడుగుల కాలమట. నువ్వు అప్పటికి ఇక్కడే ఉంటావుగా. నీ చింతపండు ఇంకా సగం డబ్బా మిగిలింది, తియ్యకుండా అలాగే ఉంచమన్నాను."